తిరుగు నడక

3వ తేదీ, సోమవారం

ఈ రోజు నన్ను తాడుతో వేలాడదీశారు.

తాడని ఆసుపత్రివాళ్లు అనరు. పట్టీ అంటారు. రొమ్ముకీ నడుముకీ తొడలకీ చొక్కాలాంటిదొకటి బిగించి, దాని కొసలు పైనున్న ఇనుప దూలానికి తగిలించారు. కింద నల్లటి బెల్టు. అది కదులుతూ ఉంటుంది, మనిషి దాని మీద నడవాలి. ట్రెడ్‌మిల్ అట. బతుకంతా తాళ్లు పేనినవాడిని చివరికి తాడుకే వేలాడదీశారు. తాడే పామై కరవడమంటే ఇదే.

ఎక్కేముందు పట్టీని వేళ్ల మధ్య నలిపి చూశాను. కుడిచెయ్యి బాగానే ఉంది, పక్షవాతం కొట్టింది ఎడమ పక్కనే. పట్టీ మిషను నేత. పురి లేదు. పురి లేనిదాన్ని నేను నమ్మను. ఎక్కను అన్నాను. నోరు వంకరపోయాక నా మాట సగం గడ్డం మీదుగా జారిపోతోంది. అందుకే నలుగురిలో మాట్లాడటం మానేసి ఇలా రాసుకుంటున్నాను. కానీ "ఎక్కను" మాత్రం గట్టిగానే వచ్చింది.

ఫిజియో అమ్మాయి నవ్వలేదు, విసుక్కోలేదు. ఆ పట్టీలు తనే తగిలించుకుని, కాళ్లు ముడుచుకుని గాలిలో ఊగింది.

"చూశారా తాతగారూ? తెగలేదు."

"నీ బరువెంత, నా బరువెంత?"

"ఎద్దునైనా మోస్తుంది."

"అయితే ఎద్దునే తెచ్చుకో."

పక్క మిషను మీదున్న కండక్టరు పడీపడీ నవ్వాడు. బస్సుల్లో టికెట్లు కొట్టి రిటైరైనవాడు. అతనికీ నాకు వచ్చిందే వచ్చింది, నాకంటే కొంచెం ముందు. "ఎక్కు బావా, ఎక్కు! సీట్లు లేవు, నిలబడే ప్రయాణం. రైట్ రైట్!"

ఎక్కాను. వాడి ముందు పరువు పోగొట్టుకుంటానా?

బెల్టు కదిలింది. ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని నా ఎడమ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఎత్తి ముందు పెట్టింది. బెల్టు దాన్ని వెనక్కి లాక్కుపోయింది. మళ్లీ ఎత్తి ముందు పెట్టింది. చచ్చిన చేపను ఎత్తి పెట్టినట్టు. నాకు సిగ్గేసి కళ్లు పైకప్పుకు అప్పగించాను.

అప్పుడు జరిగింది. ఆ పిల్ల ఎత్తకముందే మడమ లేచింది. ఒక్కసారే. వడ్లగింజంత ఎత్తు. నేను లేపలేదు. లేవమని అనుకోనూ లేదు. తల దించి చూశాను. ఆ పిల్ల కూడా తలెత్తి నన్ను చూసింది.

నా కాలు నన్ను అడక్కుండా ఒక పని చేసింది. ఇంటికొచ్చాక కూడా దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎవరో ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు.

5వ తేదీ, బుధవారం

బాగా నడిచాను. కండక్టరు కంటే బాగా.

6వ తేదీ, గురువారం

మా ఆవిడకు నడుం పట్టేసింది. చలికి అయ్యుంటుంది.

మంచం నుంచి బాత్రూంకి నన్ను తీసుకెళ్లేది ఆవిడే. నా చంకలో తల దూర్చి లేపుతుంది. నా భుజం దాకా కూడా రాదు మనిషి. అయినా నేనేం పెద్ద బరువు కాదు. చలికే అయ్యుంటుంది.

కూతురు వచ్చింది. తల్లి వీపుకు మందు రాసి, నా మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది. కుర్చీ లాక్కుందంటే ఏదో తేల్చడానికే.

"నాన్నా, అమ్మ ఇంక ఎత్తకూడదని డాక్టరు చెప్పాడు. ఎత్తితే రేపు అమ్మా మంచం పడుతుంది."

"డాక్టర్లు అలాగే చెబుతారు."

"విను ముందు. నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికి మంచం నుంచి బాత్రూందాకా నీ అంతట నువ్వు వెళ్లగలిగావా, సరే. లేదంటే అమ్మను మా ఇంటికి తీసుకెళతాను. నిన్ను ఏదైనా నర్సింగ్ హోంలో ఉంచుదాం. అక్కడ ఎత్తడానికి మగవాళ్లుంటారు."

"నేనూ మీ ఇంటికే వస్తాను."

"మూడో అంతస్తు నాన్నా. లిఫ్ట్ లేదు. నిన్నెవరు మోస్తారు?"

"పరాయి మగాడు నన్ను ఎత్తి కూర్చోబెడతాడా?"

"ఎత్తుతాడు. అమ్మ ఎత్తలేదు."

మొండితనంలో నా కూతురే. తెగేదాకా లాగుతుంది. నా పెంపకం, ఎవరిని అనను?

మా ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాను. కూతురు వెళ్లాక గోడతో చెప్పినట్టు అంది: "నువ్వు లేకుండా నేనెక్కడా పడుకోలేదు. నీ గురక లేకపోతే నాకు నిద్ర పట్టదయ్యా."

"కిటికీ తీసి పడుకుంటే సరి, నీ కూతురింటి పక్కన రైళ్లు పోతాయి," అన్నాను.

ఎందుకన్నానో.

10వ తేదీ, సోమవారం

గాలిలో తేలినట్టు నడిచాను. ఎడమకాలు దానంతట అదే వస్తోంది. ఆ అమ్మాయి పాదం పట్టుకోవడం మానేసింది. బెల్టు ఆపమని నేను అడగలేదు, వాళ్లే ఆపారు. ఈ లెక్కన నెలాఖరు అక్కర్లేదు, వారం చాలు.

ఇంటికొచ్చి మంచం దిగి నిలబడబోయాను. మా ఆవిడ వంటింట్లో ఉంది.

చాప జారింది. అంతే. చాప అక్కడ వేయకూడదు.

12వ తేదీ, బుధవారం

ఫిజియో అమ్మాయి మిషను తెర మీద ఏదో అంకె చూపించింది.

"తాతగారూ, ఇది మీ బరువులో పట్టీ మోస్తున్న భాగం. రోజురోజుకూ తగ్గాలి. మీది పెరుగుతోంది."

"అంటే?"

"అంటే మీరు నడవడంలేదు. పట్టీ మిమ్మల్ని మోస్తోంది. మీరు దాని మీద వెనక్కి వాలిపోతున్నారు."

"మీ మిషను తప్పు."

ఆ పిల్ల పట్టీని కొద్దిగా తగ్గించి బెల్టు వేసింది. నేను వెనక్కి పడ్డాను. నేలదాకా పోలేదు, పట్టీ పట్టుకుంది. దూలానికి వేలాడుతూ అటూ ఇటూ ఊగాను. పురి లేని పట్టీ. తెగలేదు. దాన్ని అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

కండక్టరు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

14వ తేదీ, శుక్రవారం

రాయడానికేం లేదు.

17వ తేదీ, సోమవారం

కూతురు ఆఫీసులో ఇరుక్కుంది. నన్ను మా ఆవిడే తీసుకొచ్చింది. ఎప్పుడూ బయట కుర్చీలో కూర్చునేది, ఈ రోజు నడుం నొప్పికి కూర్చోలేక లోపలికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. నేను నడవడం ఆవిడ చూడటం ఇదే మొదలు.

"ముందుకు తాతగారూ. ముందుకు వంగండి. మళ్లీ వెనక్కి పోతున్నారు. పడతానని భయమా?"

"భయమా? నాకా?"

గోడ దగ్గర నవ్వు వినపడింది. నాకు కాలూ చెయ్యీ పడిపోయాక ఆవిడ నవ్వడం నేను వినలేదు. ఫిజియో అమ్మాయి బెల్టు ఆపింది.

"భయం కాదమ్మా," అంది మా ఆవిడ. "ఆయన నడవట్లేదు. తాడు పేనుతున్నాడు."

"అర్థం కాలేదు పెద్దమ్మా."

మా ఆవిడ నడుం పట్టుకునే గది మధ్యకు వచ్చింది. గాలిలో చెయ్యి గుండ్రంగా తిప్పింది. "నేనిలా రాట్నం తిప్పుతుంటాను. ఆయన నడుముకు కొబ్బరి పీచు చుట్టుకుని, దాని కొస నా రాట్నం కొక్కేనికి తగిలించి, వేళ్లతో పీచు వదులుతూ వెనక్కి వెళతాడు. పొడుగాటి తాళ్ల పాక, ఈ చివర నేను, ఆ చివరకు ఆయన. పోగు బిగువుగా ఉండాలి. వదులైతే చిక్కులు పడుతుంది. అందుకని ఒళ్లంతా వెనక్కి వాల్చి నడుస్తాడు. పెళ్లయినప్పటి నుంచీ ఇదే పని. మీరు పట్టీ బిగించారు కదా? ఒంటికి బిగువు తగిలింది. పని మొదలైందనుకుంది ఒళ్లు."

ఫిజియో అమ్మాయి నోరు తెరుచుకుని నావైపు చూసింది. నేను మా ఆవిడవైపు చూశాను.

నాకు తెలియదు. ఒట్టు. నా నడుముకు తెలుసు, నా మడమలకు తెలుసు, పాక ఆ చివర నుంచి చూసిన ఆవిడకు తెలుసు. నాకొక్కడికే తెలియదు. తల సగం చచ్చినా ఒళ్లు పొద్దున్నే లేచి పనికి పోతోందన్నమాట, నాకు చెప్పకుండా.

"వెనక్కి నడిపించడం మా చికిత్సలోనూ ఉంది," అంది ఆ అమ్మాయి. "కానీ చాలా తర్వాత చేయిస్తాం. మీకు ముందే చేయించవచ్చేమో డాక్టరుగారిని అడిగొస్తాను." పరుగెత్తింది. చెప్పులు టపటపలాడాయి.

19వ తేదీ, బుధవారం

డాక్టరు సరేనన్నాడు.

నన్ను మిషను మీద అటు తిప్పి నిలబెట్టారు. మా ఆవిడ మిషను తోక దగ్గర, నా ఎదురుగా నిలబడింది. పట్టీ బిగిసింది. బెల్టు మెల్లగా కదిలింది.

ఎడమకాలు వెనక్కి వెళ్లింది. ముందు వేళ్ల కొసలు నేలను తడిమాయి. తర్వాత మడమ దిగింది. ఎవరూ ముట్టుకోలేదు. చీకటి ఇంట్లో గోడ పట్టుకుని నడిచే మనిషిలా, కాలు తన దారి తనే వెతుక్కుంటూ పోయింది. ఆ అమ్మాయి రెండు చేతులూ చాచి కాచుకుని ఉంది కానీ వాటితో ఆమెకు పని పడలేదు.

"లోపల పాత దారి మూసుకుపోయింది తాతగారూ," అంది. "కాలు ఇంకో దారి తవ్వుకుంటోంది."

నా తలకాయలో దారులున్నాయట. సందులున్నాయట. ఒకటి కూలిపోతే లోపల ఎవరో కూర్చుని, అడగనైనా అడక్కుండా, ఇంకోటి తవ్వుతున్నారట. ఈ వయసు దాకా ఈ తలను మోసుకు తిరిగాను, పాగా చుట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదనుకున్నాను.

ఇంకో సంగతి. పాకలో నేను వెనక్కి వెళ్లేకొద్దీ మా ఆవిడ చిన్నదయ్యేది. చివరికి చేరేసరికి బొటనవేలంత. ఆ ఎత్తునే ఆవిడను ఎక్కువగా చూశాను. ఈ బెల్టు మీద ఎంత వెనక్కి నడిచినా ఆవిడ దూరం కాలేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. అడుగు మీద అడుగు వేస్తున్నాను, ఆవిడ అక్కడే, అంతే పెద్దగా. కుడి కనుబొమలో ఒక తెల్ల వెంట్రుక పొడుగ్గా పెరిగి ఉంది. ఎప్పటి నుంచి ఉందో.

"ఏం చూస్తున్నావయ్యా?"

"నీ కనుబొమ."

"సిగ్గులేదూ, నడువు ముందుకు."

"వెనక్కి కదే నడవాలి."

ఫిజియో అమ్మాయి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

21వ తేదీ, శుక్రవారం

వెనక్కి బ్రహ్మాండం. ముందుకు తిప్పగానే మళ్లీ పాత కథే. పట్టీ బిగిసిందంటే వాలిపోతాను. తెలిసి కూడా వాలిపోతాను. నడుము నా మాట వినదు.

కండక్టరు తన మిషను దిగి, కర్రతో నా దగ్గరికొచ్చాడు. "ఏం బావా, బాత్రూంకి రివర్సులోనే పోతావా? అయితే హారన్ కొట్టుకుంటూ పో, వెనక ఎవరైనా ఉంటారు."

నవ్వాను. తర్వాత అదే ఆలోచించాను. వెనక్కే పోతే తప్పేముంది? సాయంత్రం కూతురితో ఫోనులో అన్నాను.

"నీకు వీపున కళ్లున్నాయా నాన్నా? గడప తగిలి పడితే? ఒప్పందం ముందుకే. ముందుకు నడవాలి."

నెలాఖరు దగ్గరికొచ్చింది. మా ఆవిడ బీరువాలోంచి తన చీరలు తీసి మడతపెట్టి మళ్లీ లోపల పెట్టింది. దుమ్ము దులుపుతున్నానంది. దుమ్ము లేదు.

రాయడం మరిచాను, ఈ రోజు నేను ఆసుపత్రి నుంచి బయల్దేరేముందు ఫిజియో అమ్మాయి ఒకటి అడిగింది. "పాక చివరికి వెళ్లాక మళ్లీ ఎలా వచ్చేవారు తాతగారూ?"

"ఎలా రావడమేమిటి? వచ్చేవాణ్ణి. అది కూడా ఒక నడకేనా?" అన్నాను.

22వ తేదీ, శనివారం

అది కూడా ఒక నడకే.

మధ్యాహ్నమంతా మంచం మీద పడుకుని అదే చూశాను. వెనక్కి నడిచిందే నడక అనుకున్నాను, ఎందుకంటే అది పని. పనికి పేరుంటుంది. మంచి పేనేవాడినని నా పేరు చెప్పుకునేవాళ్లు. పడవలవాళ్లు మోకులకు నా దగ్గరికే వచ్చేవాళ్లు. కానీ చివరికి చేరాక పోగును గుంజకు కట్టేసి, చేతులు దులుపుకుని, మళ్లీ రాట్నం దగ్గరికి రావాలి కదా? వెనక్కి ఎంత నడిచానో ముందుకీ అంతే నడిచాను. ఎంత దూరమో! ఒక్క అడుగైనా గుర్తులేదు. గాలి పీల్చినట్టు నడిచేశాను.

అప్పుడు ఒంటి మీద బిగువు లేదు. ఉత్త చేతులు. ఆవిడ రాట్నం ఆపి, పక్కనున్న గుంజ మీద అరచేత్తో కొట్టేది. టప్. పక్క పాకల రొదలో కేక వినపడదు కాబట్టి అదే పిలుపు. పోగు అయింది, ఇక రా అని. నేను రావడం మొదలుపెడితే బొటనవేలంత మనిషి మెల్లగా పెద్దదయ్యేది.

వెళ్లడమే నాకు గుర్తుంది. రావడం నా కాళ్లకు గుర్తుండే ఉంటుంది. లేకపోతే ఏ రాత్రయినా ఇంటికెలా చేరాను?

24వ తేదీ, సోమవారం

"పట్టీ వదులు చెయ్యమ్మా."

"తాతగారూ, పోయినసారి పడిపోయారు."

"పడితే పట్టుకునేంత ఉంచు. లాగేంత ఉంచకు."

ఆ పిల్ల పట్టీ కొంచెం కొంచెంగా వదిలింది. నా బరువు మొత్తం నా మీదికి వచ్చింది. అమ్మో, ఇంత బరువా నేను? దీన్నా ఆ మనిషి చంకలో తల దూర్చి లేపింది? చలికి కాదు ఆ నడుం పట్టేసింది. చలికి కాదు.

మా ఆవిడ ఈసారి మిషను ముందు వైపు నిలబడింది. చెప్పాను, ఏం చెయ్యాలో. మిషను ఇనుప గొట్టం మీద అరచేత్తో కొట్టింది. గాజులు కూడా మోగాయి.

కండక్టరు తన మిషను ఆపేశాడు. ఎడమ మడమ లేచింది, కాలు ముందుకొచ్చింది, దిగింది. కుడిది. మళ్లీ ఎడమది. వాలలేదు నేను. వాలడానికి బిగువు లేదు. వేళ్లు ఈడుస్తున్నాయి, వంకరగా పడుతోంది, అందం చందం లేదు. కానీ అది నడక. నా వెనక తెర మీద అంకె ఎంతుందో ఎవరూ చెప్పలేదు. ఫిజియో అమ్మాయి తెరవైపు చూడటమే మరిచిపోయింది.

బెల్టు ఆగాక కండక్టరు అన్నాడు: "బావా, స్టేజీ వచ్చింది, దిగు." గొంతు బాగాలేదు అతనికి. జలుబేమో.

26వ తేదీ, బుధవారం

ఎడమ బూటు అడుగున అరిగింది. ఇన్నాళ్లూ కుడిదొక్కటే అరిగేది. తిప్పి తిప్పి చూసుకున్నాను.

30వ తేదీ, ఆదివారం

కూతురు పొద్దున్నే వచ్చింది. చేతిలో ఖాళీ సంచి. తల్లి బట్టలకు. దాన్ని కుర్చీ వీపుకు తగిలించి నా మంచం పక్కన నిలబడింది.

"పట్టుకోనా నాన్నా?"

"పక్కకు జరుగు."

ఇంట్లో బెల్టు లేదు. దూలం లేదు. పట్టుకునేది ఏదీ లేదు. మంచం, గది, గడప, సన్నటి వసారా, ఆ చివర బాత్రూం తలుపు. నా జీవితంలో అంత పొడుగు పాక చూడలేదు. మా ఆవిడ వెళ్లి ఆ చివర నిలబడింది. నడుంనొప్పికి ఇచ్చిన పట్టా కట్టుకుని, కొంచెం వంగి. అంత దూరంలో బొటనవేలంత లేదు కానీ చిన్నగానే ఉంది.

తలుపు చెక్క మీద అరచేత్తో కొట్టింది.

లేచాను. గది దాటాను. గడప దగ్గర ఎడమ పాదం ఆగింది. ఆ గడప నేనే పెట్టించాను, అంత ఎత్తు ఎందుకు పెట్టించానో ఆ వడ్రంగికే తెలియాలి. పాదం దాన్ని తడిమింది. తోసింది. ఆలోచించింది. నేను దాన్ని తొందరపెట్టలేదు. నాకంటే దానికే ఎక్కువ తెలుసని ఈ నెలలో నేర్చుకున్నాను.

దాటింది.

వసారాలో అయితే నాకొక వింత కనపడింది. మిషను మీద నేల కదిలేది, నేను ఉన్నచోటే ఉండేవాణ్ణి. ఇక్కడ నేల అక్కడే ఉంది. గోడలు వెనక్కి పోతున్నాయి. కిటికీ వెనక్కి పోయింది. క్యాలెండరు వెనక్కి పోయింది. మా ఆవిడ పెద్దదవుతోంది. ముఖం వచ్చింది, కళ్లు వచ్చాయి, ఆ తెల్ల వెంట్రుక వచ్చింది. ఇంత అద్భుతాన్ని రోజూ చూస్తూ కూడా పీచు ధర గురించి ఆలోచించుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ.

తలుపు పట్టుకున్నాను.

"తప్పుకోవే," అన్నాను. "అడ్డం నిలబడ్డావు."

"వచ్చాడండీ మహారాజు," అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తల తిప్పితే, గదిలో కూతురు కుర్చీ మీది సంచిని మడిచి చంకలో పెట్టుకోవడం కనిపించింది.

లోపలికి వెళ్లాను. తలుపు వేసుకున్నాను. గడియ నేనే పెట్టుకున్నాను. కాలు పడిపోయాక నేను గడియ పెట్టుకోవడం ఇదే. ఆ చిన్న ఇనుప ముక్కను పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. వచ్చిన పని కూడా మరిచిపోయాను.

ఎంతసేపు నిలబడ్డానో. బయట ఆవిడ మళ్లీ తలుపు మీద అరచేత్తో కొట్టింది.

గడియ తీశాను.